పలకల గనిలో నాలుగు కట్లు

రామతులసమ్మ రెండు చేతులూ చాచి, బండ ఇసుమంతైనా కదలక నిలబడిపోయిన దగ్గర పోయినవారం మనం ఆమెను వదిలేసి వచ్చాం. మనమేమో వారమంతా వేళకు అన్నాలు తిన్నాం, సంతకు పోయివచ్చాం, కునుకులు తీశాం. ఆమె మాత్రం మార్కాపురం ఊరి బయట, పలకరాయి గని అడుగున, ఆ ఎండలో అట్లాగే నిలబడి ఉంది. ఇక ఆలస్యం చేయకుండా ఆమె దగ్గరికి పోదాం. పోయేలోపు జరిగిందేమిటో కాస్త గుర్తు చేసుకుందాం.

కొత్త రాష్ట్రం వచ్చి ఇంకా రెండేళ్ళు నిండలేదు. ఊరూరా బడులు పెడుతున్నారు, పిల్లలకు పలకలు కావాలి, పలకలకు మార్కాపురం రాయి కావాలి. ఆ తొందరలో గని లోతుకు, ఇంకా లోతుకు పోయింది. ఈ పొద్దున దాని గోడ విరిగి, దారికి పెద్ద బండ అడ్డంపడి, రాయి చీలుస్తున్న ఆడామగా అందరూ లోపలి గుహలో చిక్కుపడ్డారు. వాళ్ళతోపాటు మేస్త్రీ బ్రహ్మానందం కూడా లోపలే ఉన్నాడు. బ్రహ్మానందం రామతులసమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి పోయాక ఆమె చేతుల్లోనే పెరిగాడు. బజారులో సొంత పప్పుల దుకాణం ఉండగా, అక్కడ కూర్చోవడం నావల్ల కాదని గనికి పోయిన మొండివాడు.

గోడ దానంతటది విరగలేదు. విరగ్గొట్టించినవాడు అదిగో, గనికి అవతలి ఒడ్డున నల్ల మోటారుకారులో కూర్చుని గోలీసోడా తాగుతున్నాడు. పేరు నాగభూషణరావు. ఏ ఊరివాడో ఎవరికీ తెలియదు. ఇంకొకరు కష్టపడి నేర్చుకున్న విద్యను వాళ్ళ ఒంట్లోంచి లాగి తన ఒంట్లో వేసుకోవడం, అదొక్కటే అతను నేర్చిన విద్య. చాలాకాలంగా అతని కన్ను నల్లమల జట్టు మీద ఉంది.

నల్లమల జట్టంటే నలుగురు. వాళ్ళకు పెద్దదిక్కు రామతులసమ్మ. తరతరాలుగా తక్కెడ పట్టిన ఇంట పుట్టిన ఆమెకు తూకం విద్య పట్టుబడింది. ఎడమచెయ్యి ఒక వస్తువు వైపు చాస్తే దాని బరువంతా ఆ చేతిలోకి వస్తుంది. కుడిచెయ్యి ఇంకోవైపు చాస్తే ఆ బరువు అక్కడ దిగుతుంది. బరువును మాయం చేయడం ఆమెకు రాదు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చడమే వచ్చు. రెండోవాడు గిద్దలూరు రైతు పుల్లయ్య. మట్టీ రాయీ అతని మాట వింటాయి, అతను మాత్రం ఎవరి మాటా వినడు. మూడో ఆమె అర్ధవీడులో గొర్రెలు కాసే ఓబులమ్మ. ఆ ముసలమ్మ కేకేస్తే కొండ దూరి అవతలివాళ్ళ చెవిలో పడుతుంది. నాలుగోవాడు మస్తానయ్య, తిరునాళ్ళలో కనికట్టు చూపించి బతికేవాడు. లేనిది ఉన్నట్టు చూపిస్తాడు, ఉన్నది లేనట్టు చూపిస్తాడు. అందుకే ఎక్కడ ఏది పోయినా అందరూ మొదట అతని వైపే చూస్తారు.

మొన్నమొన్నటిదాకా ఈ నలుగురికీ ఎదురులేదు. నెల కిందట నాగభూషణరావు వాళ్ళకొక కబురు పంపాడు. "మీ నలుగురిలో ఒకరు నా మనిషి" అని. అంతకుమించి ఒక్క మాట లేదు. ఆ తరవాత కురిచేడు రైలు స్టేషన్లో వాళ్ళ విద్యలు ఎవరివీ పనిచేయలేదు. ఇప్పుడు ఇక్కడా పనిచేయడం లేదు.

రామతులసమ్మ చేతులు దించింది.

"కదల్లేదా?" అంది ఓబులమ్మ.

"కదల్లేదవ్వా. దాని బరువు నా చేతికే తగల్లేదు."

"నేనూ పిలిచినా. నా కేక నాకే తిరిగొచ్చింది."

పుల్లయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని మళ్ళీ చుట్టుకున్నాడు. కోపం వచ్చినప్పుడల్లా ఆయన చేసే పని అదే. "మా తాతల కాడ్నుంచి మా మాట కాదన్న రాయి లేదు. ఈ బండ నన్ను ఎవురో కొత్తోణ్ణి చూసినట్టు చూస్తా ఉంది. ఎవురో చెడగొట్టినారు చెల్లెమ్మా. ఎవురో ఏంది, వీడే!"

వేలు మస్తానయ్య ముక్కుదాకా పోయింది.

"నేనా? నేనేం చేసినా మామా?"

"ఏం చేసినావో నీకు తెల్దా? వాడి బంగళాకు పోయినావా లేదా?"

"పోయినా. వాడి మనవడి పుట్టెంట్రుకల నాడు గారడీ చేయమంటే చేసినా. అది నా బతుకుదెరువు. పావురాన్ని చూపిచ్చినా, బూందీ పెడితే తిని వచ్చినా. బూందీ తిన్నంత మాత్రాన వాడి మనిషినైపోతానా?"

"బూందీ ఎంత పెట్టినాడో ఎవురికి తెల్సు!"

బండ వెనక నుంచి ఉలి చప్పుడు వినిపించింది. లోపలివాళ్ళు కొడుతున్నారు, బతికే ఉన్నామని చెప్పడానికి. ఆ చప్పుడు పొద్దున గట్టిగా ఉండేది, ఇప్పుడు బాగా నీరసంగా ఉంది. అంతలో పైనుంచి రాళ్ళపొడి జలజలా రాలి, బండ బెత్తెడు కిందికి జారింది. గట్టుమీద గుమిగూడిన ఊరంతా ఒక్కసారి గొల్లుమంది. తమ్ముడికి అన్నం కలిపి ముద్దలు పెట్టిన చేతులు ఇవి, ఈరోజు వాడికి ఎందుకూ పనికిరాకుండా పోయాయని రామతులసమ్మకు ఏడుపొచ్చింది.

ఏడుపు కనపడకుండా ఉండాలని బండ మూలకు తిరిగింది. కాలికి ఏదో గుచ్చుకుంది. వంగి చూస్తే వేపపుల్ల. దానికి పసుపుదారం చుట్టి నేలలో పాతి ఉంది.

పుల్లయ్య గుర్తు అది. పుల్లయ్య కట్టిన కట్టు.

కట్టంటే ఏమిటో చెప్పాలి. ఏ విద్య నేర్చినవాడైనా పని మొదలుపెట్టే ముందు ఆ చోటుకు కట్టు కట్టుకుంటాడు. నాలుగు మూలలా తన గుర్తు పెట్టి, ఈ గడ్డమీద నా విద్య తప్ప పరాయి విద్య పారకూడదని ఆన పెడతాడు. ఏ గురువైనా శిష్యుడికి నేర్పే మొదటి పాఠం ఇదే. వెనకటి మంత్రగాళ్ళందరూ ఎవరికి వారే తిరిగేవాళ్ళు కాబట్టి ఆ పాఠంతో ఎవరికీ చిక్కు రాలేదు. జట్టుగా తిరిగేవాళ్ళ సంగతి ఏ గురువూ ఆలోచించలేదు. అందుకని మన జట్టులో రామతులసమ్మ ఒక్కతే కట్టు కట్టేది, నలుగురి పేర్లూ చెప్పి కట్టేది. మరి ఈ వేపపుల్లకు ఇక్కడేం పని?

ఆమె ఇంకాస్త వంగింది. వేపపుల్లకు జానెడు దూరంలో మేకవెంట్రుకల తాడు రాయికింద నొక్కి ఉంది. అది ఓబులమ్మది. దాని పక్కన దుమ్ములో సగం పూడి ఒక గవ్వ కనపడింది. అది మస్తానయ్యది. ఆ మూడింటికీ మధ్యలో, గోడ విరిగిందని వినగానే అందరికంటే ముందొచ్చి ఎవరూ చూడకుండా తను స్వయంగా పెట్టుకున్న సున్నపుబొట్టు తెల్లగా మెరుస్తోంది.

రామతులసమ్మకు నవ్వొచ్చింది. మొదట చిన్నగా వచ్చింది, తరవాత ఆపుకోలేనంతగా వచ్చింది. మతి పోయిందేమోనని మిగతా ముగ్గురూ భయపడ్డారు.

"ఇట్ల రాండి," అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఈ మూల చూడండి. చూసి, ఎవరిది ఏదో మీరే చెప్పండి."

ముగ్గురూ చూశారు. ముగ్గురూ తలలు దించుకున్నారు. పుల్లయ్య మళ్ళీ తలగుడ్డ విప్పబోయి మానుకున్నాడు.

"మొదట నా సంగతి చెప్తా," అంది రామతులసమ్మ. "ఆ సున్నం నాది. నలుగురి పేర్లూ చెప్పి కట్టినా అని మీతో అన్నా. అబద్ధం. కురిచేడులోనూ ఇక్కడా నా ఒక్కదాని పేరే చెప్పి కట్టినా. మీలో ఎవరు వాడి మనిషో తెలియక, భయపడి కట్టినా."

"నువ్వు గూడానా చెల్లెమ్మా?" అన్నాడు పుల్లయ్య. ఆ గొంతులో కోపం లేదు. "నేను వీడి మీద అనుమానంతో కట్టినా."

"నేను మీ మీద అనుమానంతో కట్టలేదు మామా," అన్నాడు మస్తానయ్య. "మీరందరూ నన్ను అనుమానిస్తా ఉన్నారని కట్టినా."

"నేను ముగ్గుర్నీ అనుమానించినా," అంది ఓబులమ్మ. "ఒకర్ని అనుమానించి ఇంకొకర్ని వదిలేసేది నాకు చాతగాదు."

"అట్లయితే వాడి మనిషి ఎవురు?" అన్నాడు పుల్లయ్య.

"ఎవరూ లేరన్నా. నా కట్టు మీ ముగ్గురి విద్యనూ ఆపింది. మీ కట్లు నా విద్యను ఆపినాయి. కురిచేడులో ఇదే, ఈడా ఇదే. వాడు ఒక్క మాట అని ఊరుకున్నాడు. మిగిలిన పనంతా మనమే చేసిపెట్టినాం."

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నెల్లాళ్ళుగా ఒకరి పక్కన ఒకరు నడుస్తూ, ఒకరు పోసిన నీళ్ళు ఇంకొకరు తాగడానికి వెనకాడిన మనుషులు వాళ్ళు. సిగ్గుతో వాళ్ళ ప్రాణం చచ్చిపోయింది.

అయితే సిగ్గుపడుతూ కూర్చోడానికి వ్యవధి లేదు. కట్లు విప్పాలి. విప్పడంలో రెండు చిక్కులున్నాయి. నాలుగూ పోతే నేల అందరికీ తెరుచుకుంటుంది, నాగభూషణరావుకు కూడా తెరుచుకుంటుంది. అతను అంతసేపటి నుంచి సోడా తాగుతూ ఎదురుచూస్తున్నది అందుకే. రెండో చిక్కు అంతకంటే పెద్దది. ముగ్గురు విప్పి ఒక్కరు విప్పకపోతే, ఆ ఒక్కరే ఈ నేలకు యజమాని. మిగతా ముగ్గురూ వాళ్ళ చేతిలో ఉన్నట్టే. కాబట్టి మొదట విప్పేవాళ్ళు మిగతావాళ్ళను నమ్మి తీరాలి.

ఉలి చప్పుడు ఆగిపోయింది.

రామతులసమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. మూలమూలకూ పోయి తన సున్నపుబొట్లను కొంగుతో తుడిచేసింది. ఆ వెనకే ఓబులమ్మ మేకవెంట్రుకల తాళ్ళు పటపటా తెంపేసింది. పుల్లయ్య వేపపుల్లలు పీకుతూ, ప్రతి పుల్లకూ "వీణ్ణి నమ్మాల్సొచ్చె, వీణ్ణి నమ్మాల్సొచ్చె" అని గొణుక్కున్నాడు. గొణిగితే గొణిగాడు గాని అన్నీ పీకాడు.

ఇక మిగిలినవి మస్తానయ్య గవ్వలు.

అవతలి ఒడ్డున కారు హారన్ మోగింది. నాగభూషణరావు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "మస్తానయ్యా! ఆ నేలంతా ఇప్పుడు నీ ఒక్కడిదే. వాళ్ళు నిన్ను ఏనాడైనా మనిషిలా చూశారా? గవ్వలు తియ్యకు. నా పక్కకు రా, నిన్ను రాజుని చేస్తాను!"

మస్తానయ్య ఆ వైపు చూడలేదు. రామతులసమ్మ వైపు చూశాడు. "అక్కా, ఒక్క మాట చెప్పు. నన్ను నమ్మి విప్పినావా, వేరే గతిలేక విప్పినావా?"

ఇట్లాంటప్పుడు అబద్ధం చెప్పి పని జరిపించుకోవడం తేలిక. దుకాణంలో కూర్చునే మనిషికి తీయగా మాట్లాడటం రాకపోదు. కానీ నెల్లాళ్ళ అబద్ధం ఆమెకు చాలనిపించింది.

"గతిలేకే మొదలుపెట్టినా తమ్ముడా," అంది. "చివరి బొట్టు తుడిచేటప్పటికి నమ్మినా."

మస్తానయ్య మొహం విప్పారింది. "అది చాలు నాకు. ఐతే అక్కా, కాసేపు ఈ నేల నా ఒక్కడిదే గదా. ఊరికే పోనిస్తానా?"

చిటికె వేశాడు. గని నిండా రామతులసమ్మలు నిలబడ్డారు. బండల మీద పుల్లయ్యలు తలగుడ్డలు చుట్టుకుంటున్నారు. ఏ మూల చూసినా ఒక ఓబులమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఉంది. గట్టుమీద జనం నోళ్ళు తెరిచారు. అసలు ఓబులమ్మ పక్కనున్న ఓబులమ్మను ఎగాదిగా చూసి, "ఏందిరా, నేను ఇంత ముసలిదాన్నా?" అంది.

అప్పుడు మస్తానయ్య గవ్వలు ఏరి జేబులో వేసుకున్నాడు. కట్లన్నీ పోయాయి.

నాగభూషణరావు ఆ క్షణమే రెండు చేతులూ చాచి లాగాడు. లాగడమైతే లాగాడు గాని ఎవరి నుంచి? ఏ తులసమ్మ అసలు తులసమ్మో ఆ పైవాడికే తెలియాలి. కనపడిన బొమ్మనల్లా లాగాడు. విద్యకు బదులు గనిలోని రాళ్ళపొడి వచ్చి గొంతులో పడింది. దగ్గుతూ సీటు మీద వాలిపోయాడు. అతని డ్రైవరు బుద్ధిమంతుడు, తలుపు తీసుకుని పరుగు లంకించుకున్నాడు.

ఓబులమ్మ బండకు నోరు ఆనించి కేక పెట్టింది. "ఒరే బ్రహ్మానందం! అందర్నీ ఎడంపక్క గోడకు చేర్చరా!" ఈసారి కేక తిరిగి రాలేదు. లోపల అడుగుల చప్పుడైంది, తరవాత సన్నగా "అట్లనే అవ్వా!" అని వినపడింది. ఆ గొంతు వినగానే రామతులసమ్మకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

పుల్లయ్య బండమీద చెయ్యి వేశాడు. తన ఎద్దుతో మాట్లాడినట్టు నెమ్మదిగా మాట్లాడాడు. "పక్కకు జరుగు నాయనా. మనోళ్ళే. బిడ్డలకు పలకలు చేసేటోళ్ళు. నిన్ను చీల్చినారని కోపం పెట్టుకోవద్దు." పలకరాయి పొరలు పొరలుగా విడిపోయింది, మధ్యలో మనిషి పట్టేంత దారి తెరుచుకుంది. దారి తెరుచుకోగానే పైనున్న కొండ చరియ మొత్తం కిందికి ఒరిగింది.

ఇప్పుడు రామతులసమ్మ వంతు. ఎడమచెయ్యి కొండ వైపు చాచింది. వందల మణుగుల బరువు జరజరా చేతిలోకి వచ్చింది. ఎక్కడ దించాలి? మామూలుగానైతే చెత్తరాళ్ళ గుట్ట మీద దించేది. ఈరోజు ఆ గుట్ట మీద ఊరి జనం నిలబడి ఉన్నారు. ఆమె చుట్టూ చూసింది. అవతలి ఒడ్డున నల్లకారు తళతళా మెరుస్తోంది. కుడిచెయ్యి హాయిగా దాని వైపు చాచింది.

టైర్లు ఒకదాని వెంట ఒకటి పేలాయి. కారు కిర్రుమంటూ నేలలోకి దిగింది. ఇరుసులు మునిగాయి, తలుపులు సగందాకా మునిగాయి, ఇక తీయడానికి వీల్లేకుండా మట్టిలో బిగుసుకున్నాయి. గట్టుమీద జనం వేసిన ఈలలకు పక్క ఊళ్ళో కుక్కలు మొరిగి ఉంటాయి.

దారిలోంచి పనివాళ్ళు బయటికి రావడం మొదలైంది. తెల్లటి దుమ్ము కొట్టుకుపోయిన మొహాలతో, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వస్తున్నారు. మల్లమ్మ అనే ఆమె ఉలి వదలకుండా పట్టుకునే వచ్చింది. ఎవరి మనుషులను వాళ్ళు వాటేసుకుని ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. రామతులసమ్మ ప్రతి మొహాన్నీ చూస్తోంది. అందరూ వచ్చారు గాని తమ్ముడు రాలేదు.

వంగి లోపలికి చూసింది. దారి చివర బ్రహ్మానందం నిలబడి ఉన్నాడు. విరిగిన దూలం అతని భుజం మీద ఉంది, దూలం మీద చివరి బండ ఉంది. మిగతావాళ్ళు దాటిపోయేదాకా దాన్ని అట్లాగే మోస్తున్నాడు.

"వదిలేసి రారా!" అని అరిచింది.

"వదిల్తే కూలుతాదక్కా! నువ్వు పో అవతలికి!"

"నోరుమూసుకో!" అంటూ రామతులసమ్మ ఒంట్లోని శక్తినంతా ఎడమచేతిలోకి తెచ్చుకుని, ఆ మూలనున్న బరువంతా ఒక్క గుంజు గుంజి అవతలి ఒడ్డుకు విసిరింది. కారు కిటికీలదాకా కూరుకుపోయింది. దూలం గడ్డిపోచలా భుజం మీంచి లేచింది. బ్రహ్మానందం బయటికి పరుగెత్తుకొచ్చాడు, అతని వెనక గుహ నిదానంగా కూలింది.

ఆ సంబరం చూసి తీరాలి. ఎక్కడి నుంచి తెచ్చారో డప్పులు తెచ్చారు. ఓబులమ్మను భుజాల మీదికి ఎత్తుకుంటే దించమని తిట్టింది, దించితే ఎందుకు దించారని తిట్టింది. పుల్లయ్య మస్తానయ్యను గట్టిగా పట్టుకుని చాలాసేపు వదల్లేదు. చివరికి, "అబ్బీ, ఆ బూందీ బాగుండిందా?" అన్నాడు. మస్తానయ్య పగలబడి నవ్వాడు. నల్లమల జట్టు మళ్ళీ ఒక్కటైంది. ఈసారి ఎవరు ఏ కబురు పంపినా విడిపోదని నలుగురికీ తెలుసు.

రామతులసమ్మ తమ్ముణ్ణి దగ్గరికి లాక్కుంది. వీపు నిమిరింది, తల నిమిరింది, చెంప మీద ఒకటి కొట్టింది, మళ్ళీ దగ్గరికి లాక్కుంది. బ్రహ్మానందం కళ్ళనీళ్ళు వెచ్చగా ఆమె భుజం మీద పడ్డాయి. పుట్టినప్పటి నుంచి ఆమె చేతులకు ఒక అలవాటు ఉంది, ఏది పట్టుకున్నా దాని తూకం తెలిసిపోతుంది. ఇప్పుడూ తెలిసింది.

తమ్ముడికి బరువు లేదు.

"ఒళ్ళు భలే తేలిగ్గా ఉందక్కా," అన్నాడు వాడు నవ్వుతూ. "పొద్దున్నుంచి ఏమీ తినలేదు గదా, అందుకేమో."

ఆమె కిందికి చూసింది. వాడి పాదాలు నేలను తాకడం లేదు. గబుక్కున రెండు చేతులతో మణికట్టు పట్టుకుంది. ఆ చివరి గుంజు గుంజినప్పుడు దూలం వాడి భుజం మీదే ఉంది. బండ బరువు, దూలం బరువు, వాడి బరువు, మూడూ కలిపి ఆమె చెయ్యే లాగింది, ఆమె చెయ్యే అవతలి ఒడ్డున దించింది. ఇక ఏది ఎవరిదో విడదీయడానికి లేదు. కావాలంటే మొత్తం వెనక్కి తీసుకోవాలి. తీసుకుంటే ఆ కారు లేస్తుంది, అందులోవాడు బయటికి వస్తాడు.

డప్పులు ఒక్కొక్కటే ఆగాయి. మట్టిలో మునిగిన కారు కిటికీ పైఅంచు సందులోంచి, దగ్గు దిగమింగుతూ, తాపీగా ఒక గొంతు వినపడింది.

"తొందరేం లేదమ్మా. నిదానంగా ఆలోచించుకో. గాలి ఇప్పుడే లేస్తోంది."